వండని ఇంటి బియ్యం

నా చిన్నప్పుడు, పలక పట్టాల్సిన వయసులో నేను పొయ్యి ముందు కూర్చున్నాను. ఆ తర్వాత కూలి పనులు, పెళ్లి, పిల్లలు, పిల్లల పిల్లలు. నా పేరు నేను రాసుకోగలిగింది అరవై దాటాకే. తెనాలిలో మా కాలనీ చివర ఒక రేకుల షెడ్డు ఉంది. ఊళ్లోవాళ్లే నడుపుకునే చిన్న సేవాసంస్థది. అందులో పొద్దున చిన్నపిల్లలు ఆడుకుంటారు, మధ్యాహ్నం ఆడవాళ్లు కుట్టుమిషన్లు తొక్కుతారు, సాయంత్రం నాలాంటివాళ్లకి అక్షరాలు చెబుతారు. నాకు చదువు వచ్చింది అక్కడే. రాయడం వచ్చాక కూడా ఈ సంగతి రాయలేదు. ఇది మా అమ్మ దుఃఖం, నాది కాదులే అనుకున్నాను. ఇప్పుడు పక్కింట్లో అలాంటి దుఃఖాన్నే రోజూ చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

మేము రేపల్లెలో ఉండేవాళ్లం. తెనాలి నుంచి వచ్చే రైలు ఇంక ముందుకు పోకుండా అక్కడే ఆగిపోతుంది. ఆ పట్టాలకి అవతల మా పేట. అన్నీ తాటాకు ఇళ్లే, పెంకు కప్పు ఉన్నది మా గుడికి ఒక్కదానికే. మేము లూథరన్ వాళ్లం. చర్చిని గుడి అనే అంటాం. మా ఆడవాళ్లకి ఒక అలవాటు ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచాక, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి ముంతలో వేసేవాళ్లు. శనివారం సాయంత్రం బైబిలమ్మ వచ్చి ఆ బియ్యం పోగుచేసుకుని వెళ్లేది. బైబిలమ్మ అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించే ముసలావిడ. ఆ బియ్యం పొయ్యి వెలగని ఏదో ఒక ఇంటికి చేరేది. ఏ ఇంటికి అన్నది ఆమె నోటి వెంట ఎప్పుడూ రాలేదు. ఒక్కటే కట్టుబాటు. పిడికెడు తీసేది ఆ పూట వండుకునే బియ్యంలోంచే తీయాలి. వండని ఇంటి బియ్యం పనికిరావు.

ఒక ఏడు తుఫాను వచ్చింది. తెల్లవారేసరికి పేటలో నిలబడి ఉన్న ఇల్లు లేదు. అందరం గుడిలోకి చేరాం. మగవాళ్లు దారికి అడ్డంగా పడిన చెట్లు కొట్టడానికి వెళ్లేవాళ్లు. ఆడవాళ్లు గుడి ఆవరణలో రాళ్లు పేర్చి ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకున్నారు. తాగే నీళ్లు చెడిపోయాయి. మా తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వాడికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. బండి నడిచే దారి లేదు. నాన్న వాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచాడు. సాయంత్రానికి తిరిగి వచ్చాడు, భుజాన వేసుకునే.

అమ్మ ఏడవలేదు. గుడి వెనక గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. పేట ఆడవాళ్లు అమ్మని కంటికి రెప్పలా చూసుకున్నారు. ఒకరు మా నీళ్లు మోశారు, ఒకరు నాకు జడ వేశారు, ఒకరు గంజి తెచ్చి అమ్మ ముందు పెట్టారు. "నువ్వు కూర్చో వదినా, మేం ఉన్నాంగా" అనేవాళ్లు. అలా ఒక్కో పనీ అమ్మ చేతిలోంచి తీసేసుకున్నారు. ప్రేమతోనే తీసుకున్నారు. చివరికి అమ్మకి కూర్చోవడం తప్ప ఏ పనీ మిగల్లేదు. నేను పిలిస్తే నా వైపు చూసేది కానీ, ఆ చూపు నన్ను దాటి ఎక్కడికో పోయేది. తమ్ముడి వెనకాలే అమ్మ కూడా వెళ్లిపోతోందని నాకు భయం పట్టుకుంది. నాన్నకి చెప్పాలంటే నాన్న మొహం చూడలేకపోయేదాన్ని. ఒకరోజు బైబిలమ్మ చీర కొంగు పట్టుకుని, మా అమ్మ ఎప్పుడు లేస్తుందని అడిగాను.

ఆమె నన్ను గోడ చాటుకి పిలిచి నా గౌను ఒడిలో బియ్యం పోసింది.

"మీ డబ్బాలో పోసెయ్. మీ అమ్మకి చెప్పావంటే చెవి మెలేస్తా" అంది.

శనివారం సాయంత్రం బైబిలమ్మ సంచి పట్టుకుని ఆవరణలో పొయ్యి పొయ్యికీ తిరిగింది. ఆ రోజుల్లో ఆమె అడగడమే చాలామందికి వింతగా ఉంది. అయినా తిట్టుకుంటూనే తలా కాస్త వేశారు. చివరికి వచ్చి అమ్మ ముందు నిలబడింది.

"ఏమ్మా, నీ పిడికెడు ఏది?"

పక్క పొయ్యి దగ్గరున్న మా అత్త ఊదుగొట్టం పట్టుకుని లేచింది. "ఏంటి బైబిలమ్మా, కళ్లు కనపడట్లేదా? పిల్లోణ్ణి మట్టిలో పెట్టి వచ్చినదాన్ని బియ్యం అడుగుతావా?"

"కనపడుతున్నాయిలేవే. నువ్వు బియ్యం పేరు చెప్పి నూకలు వేసింది కూడా కనపడింది. కూర్చో."

అమ్మ తల ఎత్తకుండా "లేవు" అంది.

"చూడకుండానే లేవంటే ఎట్టా? లేచి చూడు."

"వదిలెయ్యి పిన్నీ."

"నేను వదిలేసి పోతే నిన్ను లెక్కలోంచి తీసేసినట్టే. నువ్వు బతికే ఉన్నావుగా. లే."

అమ్మ లేచింది. గోడ పట్టుకుని, ఒంట్లో ఎముకలన్నీ బరువైనట్టు లేచింది. గుడిలో మా మూలకి వెళ్లి డబ్బా మూత తీసింది. చెయ్యి లోపల పెట్టి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత పిడికెడు బియ్యం తెచ్చి సంచి దగ్గర చెయ్యి చాపింది. బైబిలమ్మ సంచి మూతి గట్టిగా పట్టుకుంది.

"వండని ఇంటి బియ్యం నాకొద్దు. ఎసరు పెట్టి తియ్యి. నాకేం తొందర లేదు, కూర్చుంటా" అని అక్కడే చతికిలబడింది.

"ఈవిడకి గుండె లేదు" అంది అత్త. అంటూనే తన పొయ్యిలోంచి రెండు నిప్పులు తీసి మా రాళ్ల మధ్య వేసింది.

పుల్లలు తడిసి ఉన్నాయి. అమ్మ వంగి ఊదింది. పొగ కమ్మింది. కళ్లు తుడుచుకుని మళ్లీ ఊదింది. పొగకే కళ్లు నీళ్లు కారుతున్నాయని అనుకున్నాను. మంట అంటుకుంది. ఇక ఊదాల్సిన పని లేదు కానీ అమ్మ అలా వంగే ఉంది. తమ్ముడి పేరు పెట్టి ఒక్కసారి పిలిచింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపు ఆవరణంతా వినపడింది. ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. బైబిలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడవనివ్వండి. ఎసరు పొంగితే మాత్రం చూడండి."

చీకటి పడబోతుండగా అమ్మ బియ్యం కొలిచి, పిడికెడు తీసి సంచిలో వేసింది. అన్నం దించాక నాకు తన చేత్తో ముద్ద పెట్టింది. తమ్ముడు పోయాక అమ్మ నా మొహంలోకి చూడడం అదే మొదలు.

అంతటితో దుఃఖం తీరిపోయిందని చెప్పను. వాడి ఈడు పిల్లవాడు కనపడితే అమ్మ మాట మధ్యలో ఆగిపోయేది, చివరిదాకా అంతే. కానీ అమ్మ బతికింది. మళ్లీ కూలికి వెళ్లింది, మళ్లీ పిల్లల్ని కన్నది. ఇల్లూ పొయ్యీ చిన్నవాళ్లూ నా వంతుకు వచ్చారు. నేను బడికి పోలేకపోయింది అందుకే. అయినా దానికి నాకు బాధ లేదు. అమ్మ లేని ఇంట్లో ఏ చదువు చదివేదాన్ని?

చివరి రోజుల్లో అమ్మ బాపట్లలో మా చెల్లెలి ఇంట్లో ఉండేది. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ బియ్యం మనవి కావని, బైబిలమ్మ ఇస్తే నేనే డబ్బాలో పోశానని చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు.

"తెలుసులేవే. మనవి ముతక బియ్యం, అవి సన్నవి. చెయ్యి పెట్టగానే తెలిసింది."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"ఇవ్వడానికి అందరూ వచ్చారే. అడగడానికి ఆవిడొక్కతే వచ్చింది. అడగొచ్చిన మనిషిని ఉత్తచేతులతో ఎట్టా పంపేది?" అంది.

మొన్నటి వానలకి తెనాలిలో మా కాలనీలోకి కాలువ నీళ్లు వచ్చాయి. పక్కింటి అమ్మాయి భర్త ఆటో నడిపేవాడు. ఇళ్లలో చిక్కుకున్న పిల్లల్ని మోసుకొస్తూ, నీళ్లలో తెగిపడిన కరెంటు తీగ తగిలి పోయాడు. నీళ్లు తీశాక కాలనీవాళ్లమే షెడ్డులో బురద ఎత్తిపోశాం. సంస్థవాళ్లు రేకులు తెచ్చారు, మా వీధి వడ్రంగి కూలి తీసుకోకుండా తలుపులు బిగించాడు. కుట్టుమిషన్లు తుడిచి నూనె వేశారు. కిటికీ పక్కనున్న మిషను ఆ అమ్మాయిది. సగం కాలనీ జాకెట్లు ఆమే కుట్టేది. అన్నీ మళ్లీ తిరుగుతున్నాయి, అదొక్కటి తప్ప. ఆమె గుమ్మం దాటడం లేదు.

సరుకులు గుమ్మం దగ్గరకే వెళుతున్నాయి. ఒకళ్లు అన్నం, ఒకళ్లు కూర. షెడ్డులో మాకు అక్షరాలు చెప్పే టీచరమ్మాయి, "ఆవిణ్ణి ఏ పనీ అడగకండి మామ్మా, పాపం" అని అందరికీ చెబుతోంది. మంచి మనసుతోనే చెబుతోంది. పక్కింటి అమ్మాయి కూతురు ఈమధ్య మా అరుగు మీదకి వచ్చి, ఏమీ మాట్లాడకుండా నా పక్కన కూర్చుంటోంది. నిన్న సాయంత్రం మాత్రం అడిగింది. "మామ్మా, మా అమ్మ నేను పిలిస్తే ఎందుకు పలకదు?" అంది. ఇంట్లోకి వచ్చి ఇదంతా రాశాను.

ఈ పొద్దున్నే లేచి, గుడికి కట్టుకునే చీర మీది జాకెట్టు పెట్టెలోంచి తీశాను. చంక దగ్గర కుట్టు జానెడు మేర నేనే విప్పాను. అది పట్టుకుని వెళ్లి పక్కింటి తలుపు కొట్టాను. లోపల అలికిడి లేదు. మళ్లీ కొట్టాను.

"అమ్మాయ్, ఆదివారానికి నాకు వేరే జాకెట్టు లేదు. నువ్వే కుట్టాలి" అన్నాను. తలుపు తీసేదాకా అక్కడే నిలబడ్డాను.