తెల్లకొంగ నౌకలో ఉన్‌సిల్

"ప్రేమిస్తున్నామండీ కస్టమర్ గారూ, చెప్పండి" అని కంపెనీ నేర్పిన పలకరింపు నోట్లో ఉండగానే తాక్ ఉన్‌సిల్ గుండె గుభేలుమంది. భోజనం వేళ తాను ఫోన్‌లో రాసి పంపిన ముక్క ఏ ఖాతాలోంచి పోయింది? ఇంటర్నెట్లో ఆమెకు రెండు ఖాతాలు. సొంతదానికి ఎండబెట్టిన పెర్సిమన్ పండ్ల బొమ్మ ఉంటుంది. దాన్ని నలుగురైదుగురు తప్ప ఎవరూ చూడలేరు. రెండోది ఊరూవాడా చూసే ఖాతా. దానికి వెండి జుట్టు పిల్ల బొమ్మ. పంపే ముందు తెర పైభాగాన కనిపించింది పండు కాదు, జుట్టు.

"హలో! ఉన్నావా, పోయావా? ఫ్రిజ్‌లోంచి నీళ్లు కారి వంటిల్లంతా చెరువైపోయిందమ్మా!"

"ఉన్నానండీ కస్టమర్ గారూ. క్షమించండి" అంది ఉన్‌సిల్.

ఫోన్ అందుకుని ఆ ముక్క చెరిపేద్దామంటే ఫోన్ లేదు. కస్టమర్ల వివరాలు ఫొటోలు తీస్తారని, పనిలో కూర్చునే ముందే అందరి ఫోన్లూ లాకర్లలో పెట్టించేస్తారు. లాకర్ దాకా వెళ్లాలంటే కుర్చీ వదలాలి. కుర్చీ వదలాలంటే టీమ్ గ్రూపులో "బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చా?" అని అందరూ చదివేలా టైప్ చేయాలి. టీమ్ లీడర్ ప్యో ఊఁ అనాలి. ఒకరు తిరిగొచ్చాకే ఇంకొకరు. దక్షిణ కొరియాలోని దేగు నగరంలో, ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ పాడైన వాళ్ల ఫోన్లెత్తే ఆ కాల్ సెంటర్లో ఆడవాళ్ల ఒళ్లు కూడా కంపెనీ గడియారం ప్రకారమే నడవాలి. కాంట్రాక్టు ఏడాదికోసారి రాస్తారు. ఈ నెలాఖరుకే ఉన్‌సిల్‌ది మళ్లీ రాయాలి. ఎవర్ని ఉంచాలో, ఎవర్ని పంపాలో చెప్పేది ప్యో.

ఆ ముక్కలో ఉన్నదీ ప్యో గురించే.

*ఇవాళ ప్యో మల్హి అక్కను అందరి ముందూ నిలబెట్టింది. పొద్దుట్నించి ఎన్నిసార్లు వెళ్లావని గట్టిగా అడిగింది. ఈసారి కుదరదని కూర్చోబెట్టింది. కుర్చీ తడిసింది. నేను పక్క కుర్చీలో ఉండి కూడా ప్రేమిస్తున్నామండీ కస్టమర్ గారూ అంటూనే ఉన్నాను.*

పేర్లతో సహా రాసేసింది. కడుపు మండి, పండ్ల ఖాతాలో నలుగురికి చెప్పుకుందామని రాసింది. అది కాస్తా వెండి జుట్టు హేసోంగ్ నోట లోకమంతటికీ వినిపించింది.

ఈ హేసోంగ్ ఎవరంటే, ఉన్‌సిల్ కల్పించుకున్న మనిషి. ఏడాది కిందట విడాకుల కాగితాల మీద ముద్ర పడ్డాక, సాయంత్రాలు ఏం చేయాలో తోచక ఫోన్ గెలుకుతుంటే ఒక ప్రకటన కంటబడింది. 'తెల్లకొంగ' అనే అంతరిక్ష నౌకకు సిబ్బంది కావాలి. ఒక్కొక్కరూ ఒక్కో పాత్రను సృష్టించుకుని, ఆ పాత్రగానే రోజూ రాస్తూ, అందరూ కలిసి ఒకే కథను నడిపించే గుంపు అది. దరఖాస్తు పెట్టడానికే ఉన్‌సిల్ వెనకాడింది. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలని తెలుసు. నలభై ఏడేళ్ల దాన్నని తెలిస్తే నవ్వుతారనుకుంది. అక్కడ ఎవరూ వయసు అడగరు, అందరూ అందరికీ 'గారే'. సందేశాలు అందుకునే రిలే గదిలో కూర్చుని, దారితప్పిన ఓడల మొర వింటూ, తనంతట తాను లైన్ కట్ చేసే హక్కు లేని పిల్ల హేసోంగ్. ఆ పాత్ర చదివి నిర్వాహకురాలు వెంటనే చేర్చుకుంది. ఆమెను అందరూ 'నాచు' అనే మారుపేరుతోనే పిలుస్తారు.

నాచు పెట్టిన నియమాలు రెండే. పాత్ర ఖాతాలో వచ్చిన ప్రతి మాటా కథే, అది నిజమా అని ఎవర్నీ అడగకూడదు. రాసేవాళ్ల సొంత బతుకు పాత్రలోకి కారకూడదు. రెండోది తప్పితే గుంపులో పరువు పోతుంది, నౌక దిగిపొమ్మంటారు.

పరువు సంగతి తరవాత. ముందు ఉద్యోగం. ఉన్‌సిల్ కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కుంటూ టైప్ చేసింది. *బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చా?*

*భోజనానికి వెళ్లినప్పుడు గుర్తులేదా ఉన్‌సిల్ గారూ?* అని జవాబిచ్చింది ప్యో. ముప్పై అయిదేళ్ల మనిషి, మాటలో 'గారు' మాత్రం ఎప్పుడూ తప్పదు. *లైన్లో జనం వేచి ఉన్నారు. కాసేపాగండి.*

ఆ కాసేపట్లో ఉన్‌సిల్‌కు ఏమేమో కనిపించాయి. ఖాళీ చేసిన తన లాకర్. అద్దె అడిగే ఇంటావిడ. నర్సింగ్ చదువుతున్న కూతురు "ఫర్వాలేదమ్మా" అనడం. ప్యో కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా, చూసేసింది, అయిపోయిందనుకునేది. చెవిలో ఎవరో వాషింగ్ మెషీన్ గురించి తిడుతూనే ఉన్నారు. ఆ తిట్లు ఎంతో నయమనిపించాయి.

చివరికి గ్రూపులో *వెళ్లండి* అని పడింది.

లాకర్ తాళం రెండుసార్లు జారింది. ఫోన్ తెరిచేసరికి ఆ ముక్క కింద వరసగా జవాబులు. అప్పటికే బయటివాళ్లెందరో దాన్ని పంచుకున్నారు.

*ఇంజన్ గది నుంచి రిలే గదికి,* అని రాశాడు ఇంజినీరు ముయోన్. *మల్హి గారు లేచి వెళ్లి తిరిగొచ్చేదాకా ఇంజన్ ఆపేస్తున్నాను. నౌక ఎటు కొట్టుకుపోయినా సరే.*

*ప్యో అధికారిని నా దగ్గరికి పంపండి,* అంది నౌక వైద్యురాలు. *మూత్రాశయం ఎక్కడుంటుందో బొమ్మ గీసి చూపిస్తాను. పరీక్ష కూడా పెడతాను.*

వంటవాడు పొయ్యి ఆర్పేశాడు. చుక్కాని దగ్గరి కుర్రాడు చేతులు కట్టుకున్నాడు. అందరూ మల్హినీ ప్యోనూ నౌకలో మనుషులుగానే రాసేశారు. విడిగా నాచు సందేశం: *హేసోంగ్ గారూ, అడగకూడదన్న నియమం నాదే కాబట్టి అడగను. తీసెయ్యమంటే అందరివీ కలిపి తీసేస్తాను. ఉంచమంటే నౌక ఇలాగే ఆగి ఉంటుంది. మీరు క్షేమమే కదా?*

తీసెయ్యండి అని టైప్ చేసి, పంపబోతూ ఆగింది. ఇంతసేపూ తన కాంట్రాక్టు గురించే వణికింది. తడిసిన కుర్చీ తనది కాదు. మల్హి అక్క సిగ్గును తీసుకెళ్లి బజార్లో పెట్టింది తాను. తీయాలా ఉంచాలా చెప్పాల్సింది ఆమె.

సాయంత్రం బస్టాపులో ఫోన్ చేతికిచ్చింది. మల్హికి యాభై నాలుగు, నోరు పెద్దది, ఆ రోజు మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. కళ్లజోడు నుదుటిమీదికి తోసి, పెదాలు కదుపుతూ చదివింది.

"నా పేరు పెట్టేశావేమే?"

"పొరపాటున పోయిందక్కా. తీసేస్తాను. నన్ను తిట్టు."

"తిడతాలే, దానికేం తొందర. ఎవడే ఈ ఇంజినీరు?"

"తెలీదక్కా. ఏ ఊరి పిల్లాడో. పిల్లో."

"మొహం కూడా తెలీదా! నాకోసం ఓడ ఆపాడా?" మల్హి మళ్లీ పైనుంచి చదివింది. ఈసారి ముక్కు ఎగబీల్చింది. "ఇరవై ఏళ్లు కాపురం చేసినోడు నాకోసం టీవీ ఆపలేదు కదే."

బస్సు వచ్చింది. మల్హి ఎక్కలేదు.

"ఉంచు" అంది.

"అక్కా, ప్యో చూస్తే?"

"చూస్తే చూడనీ. సిగ్గు నాది కాదే. నీకు భయమైతే తీసెయ్, నేనేమీ అనుకోను."

ఉన్‌సిల్‌కు భయంగానే ఉంది. *ఉంచండి* అని నాచుకు పంపి, ఆ మాటను వెనక్కి లాక్కోవాలన్నంత భయపడింది.

మర్నాడు పొద్దున్న, పనికి ముందు అందరూ నిలబడి నవ్వు మొహంతో పలకరింపు మాటలు వల్లించే వేళ, ప్యో ఫోన్ పట్టుకుని వచ్చింది. మెడ ఎర్రబడి ఉంది.

"మన సెంటర్ గురించి ఎవరో ఇంటర్నెట్లో రాశారు. ఎవరు?"

నేనే అంటే ఇవాళే వెళ్లిపోవాలి అనుకుంది ఉన్‌సిల్. అనకపోతే వీళ్లందరి మీదా పడుతుంది.

"ఏదీ, చూడనివ్వండి" అని మల్హి ముందుకొచ్చింది. "ఇదా? ఇది రాకెట్ కథ కదండీ టీమ్ లీడర్ గారూ. అంతరిక్షమట. మనం మూడో అంతస్తులోనే ఉన్నాంగా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇందులో నా పేరుంది. మీ పేరూ ఉంది!"

"నా పేరేముందండీ! ఇదే ఆఖరి ఆడపిల్ల కావాలని మా నానమ్మ 'ఆఖరిది' అనే అర్థం వచ్చేలా పెట్టింది. అలాంటి ఆఖరి ఆడపిల్లలు దేశం నిండా ఉన్నారు." మల్హి గొంతు మారింది. "అయినా ఒక మాట చెప్పండి. ఇందులో రాసినట్టు ఇక్కడ జరిగిందా? జరగలేదంటే ఇది మన గురించి కాదు. జరిగిందంటారా, అందరం ఉన్నాం, అదే మాట గట్టిగా అనండి. వింటాం."

ప్యో వరసలో నిలబడ్డ ఆడవాళ్లందరి మీదా చూపు తిప్పి, ఉన్‌సిల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆపింది. "నెలాఖరు దగ్గర్లోనే ఉంది. గుర్తుంచుకోండి" అని ఫోన్ జేబులో పెట్టుకుంది. "కూర్చోండి. లైన్లు మోగుతున్నాయి."

కూర్చున్నారు. పది దాటాక మల్హి హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. గ్రూపులో ఏమీ టైప్ చేయకుండానే లేచి తలుపు వైపు నడిచింది. ప్యో తలెత్తి చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది.

ఉన్‌సిల్‌కు పొద్దుట్నించీ వెళ్లాల్సి ఉంది. ఒకరు బయట ఉండగా ఇంకొకరు లేవకూడదని ఆమెకు బాగా తెలుసు. లేచింది.

"ఉన్‌సిల్ గారూ! ఎవర్నడిగి?"

ఉన్‌సిల్ చేత్తో తలుపు చూపించింది. ఆ చెయ్యి వణకడం అందరికీ కనిపించింది. దాన్ని దించకుండానే, బల్లల మధ్య సందులోంచి నడిచి వెళ్లింది.