తవ్వకుండా ఉంచిన వరుస

ఇవాళ పొద్దున్న కర్రపెండలం మొక్క మొదట్లో మట్టి తీస్తుంటే ఆ పచ్చి పాలవాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలింది. చేతులు ఆగిపోయాయి. సువార్తమ్మత్త గుర్తొస్తే నాకెప్పుడూ ఇంతే. పని చెయ్యబుద్ధి కాదు, ఊరికే కూర్చోబుద్ధీ కాదు.

ఆవిడ మాకు చుట్టమేం కాదు. గజపతినగరం దగ్గర మా ఊళ్లో, బాప్టిస్టు చర్చి వెనక వాళ్లిల్లు. నేను పుట్టకముందే భర్తతో టాంజానియా వెళ్లిపోయింది, ఏ నాలుగైదేళ్లకో ఒకసారి వచ్చి అందరినీ చూసి పోయేది. ఆయన అక్కడ బడిలో మేష్టారు. ఈవిడ సముద్రమంత సరస్సు పక్కన ఒక పల్లెలో, అక్కడి ఆడవాళ్లతో కలిసి కర్రపెండలం, చిలగడదుంప పండించేది. మేష్టారు పోయాక కూడా ఆయన సమాధిని, చేనుని వదల్లేక అక్కడే ఉండిపోయింది. ఇక్కడ అక్కగారికి పక్షవాతం వచ్చిందని, చూసే దిక్కు లేదని తెలిసి వచ్చింది. వచ్చిన రోజే మా గుమ్మంలో నిలబడి, "వానలకి ముందే ఎల్లిపోతానే పైడీ" అంది. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆ తొందరకి కారణం తరవాత తెలిసింది. కర్రపెండలం తవ్వి గాదెకెత్తే పంట కాదు. భూమిలోనే ఉంచి, కావలసినప్పుడు కావలసినంత తీసుకుంటారు. అలాగని ఎల్లకాలం ఆగదు. బాగా ముదిరితే నారెక్కి కట్టెయిపోతుంది. ఆవిడ తన చేనుని నీమా అనే స్నేహితురాలికి అప్పజెప్పి, ఒక్క వరుస మాత్రం తవ్వొద్దని చెప్పి వచ్చిందట.

"అదీ వాళ్లనే తినమనకపోయావా అత్తా?" అన్నాను.

"ఓలమ్మ! అంతా తవ్వించీస్తే నానింక రానని కాదేటే? ఒరస ఉన్నాదంటే మడిసి వస్తాదని."

అక్క పక్కన కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతోందని, జీడితోట అవతల మా మెట్టచెక్కలో దుంప వేద్దామని నా వెంట పడింది. సరేనన్నాను. నాటిన కర్రలు చిగురించాయో లేదో, లోపల ఊరాయా లేదా అని నాకు ఒకటే ఆత్రం. చివరికి ఊరిన రోజు వచ్చింది. మా ఇంట్లో పుట్టినప్పట్నించీ చూసింది వేరుశనగ పీకడమే. అలాగే రెండు చేతులా కాండం పట్టుకుని బలంగా లాగాను. గట్టు మీంచి అత్త కేక!

"ఒసే, ఒగ్గే! సెనక్కాయలనుకున్నావేటి, సెట్టు పీకీడానికి?"

నన్ను పక్కకి నెట్టి, కూలబడి, వేళ్లతో మట్టి గోకింది. బయటపడ్డ దుంపల్లో బాగా లావుది ఒక్కటే కత్తితో కోసింది. మిగతా వాటి మీద మళ్లీ మట్టి కప్పి, పసిపిల్లని జోకొట్టినట్టు తట్టింది. "ఇయ్యాల్టి ఆకలెంతో అంతే తియ్యి. మిగతాది పెరగనీ" అంది. ఆ సాయంత్రం ఉడకబెట్టి, ఉప్పు కారం అద్దుకుని ఇద్దరమే తినేశాం. అంత రుచి మళ్లీ ఎరగను.

వానలు ఎప్పుడో వచ్చి వెళ్లిపోయాయి. అక్కగారు మంచం దిగలేదు. అత్త ఆవిడకి ఒళ్లు తుడవడంలో గానీ, గంజి పట్టడంలో గానీ ఏ పూటా విసుక్కోలేదు. బయటికొస్తే మాత్రం కాలు నిలిచేది కాదు. చేను చుట్టూ తిరుగుతూనే ఉండేది. ఒకనాడు గట్టు మీద ఆగి గట్టిగా ఏడ్చేసింది. "దీన్నొగ్గీసి ఎల్లలేను. ఎల్లకుండా ఉండలేను. అక్కడ ఆ ఒరస కట్టెలైపోతన్నాదే. ఏటి సెయ్యమంటావు?" నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

మరుసటేడు అక్కగారు కన్నుమూశారు. ప్రార్థనలన్నీ అయ్యాక అత్త ప్రయాణమైంది. బయల్దేరే ముందు నన్ను చేలోకి తీసుకెళ్లి చివరి వరుస చూపించింది. "దీన్ని తవ్వకు. నానొస్తాను."

అక్కడికి చేరగానే ఫోను చేసింది. "కట్టెలైపోనాయే! పొయ్యిలో ఎట్టీసినాను!" అని ఒకటే నవ్వు. ముదిరిన దుంప పనికిరాకపోయినా కాండం బతికే ఉంటుందట. ఆ కర్రలే ముక్కలుగా నరికి చేనంతా మళ్లీ నాటానంది. నేనిక్కడ ఆవిడ వరుస జోలికి వెళ్లలేదు. అందులో వేరుశనగ వేద్దామని మా ఆయన ఎంత సణిగినా వినలేదు.

మొన్న నీమా కూతురు ఫోను చేసింది. అత్త జ్వరంతో పోయిందని, మేష్టారి పక్కనే పడుకోబెట్టామని చెప్పింది. నాకొచ్చిన కాస్త ఇంగ్లీషుతోనే అర్థం చేసుకున్నాను. ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. చేనంతా తవ్వుకుంటున్నారట గానీ, ఒక వరుస అలాగే ఉంచారట. అది పైడిది, పైడి వచ్చి తవ్వుకుంటుంది, ఎవరూ ముట్టుకోవద్దు అని అత్త అందట.

అందుకే ఇవాళ ఇక్కడి వరుస తవ్వాను. అన్నీ కట్టెలే, కత్తి దిగలేదు. కర్రలు ముక్కలు కోసి మళ్లీ నాటాను. చేతులు కడుక్కుంటూ, పాస్‌పోర్టుకి ఏమేం కావాలో కనుక్కోమని మా ఆయనతో అన్నాను.

"ఎర్రెక్కినాదేటే నీకు? ఇశాపట్నం దాటి ఎరగవు!" అన్నాడు.

ఎక్కితే ఎక్కనీ. అక్కడి వరుస ఇంకా లేతగానే ఉందట. అది ముదిరేలోగా వెళ్లాలి.