గురక వినిపించే గడప

మా పక్క వాటాలోకి ఈమధ్య ఒక సెక్యూరిటీ గార్డు దిగాడు. రాత్రంతా కాపలా కాసి పగలు పడుకుంటాడు. నిన్న మధ్యాహ్నం తడిబట్టల బకెట్టుతో వరండాలోకి వస్తే గోడ అవతలి నుంచి గురక వినిపించింది. నాకు తెలియకుండానే చెప్పులు విప్పేశాను. బకెట్టును అలికిడి కాకుండా కింద పెట్టాను. గుండె మాత్రం దడదడ కొట్టుకుంది. ఎవరో హాయిగా నిద్రపోతుంటే భయపడే మనిషిని లోకంలో నేనొక్కదాన్నేనేమో. ఆ భయం నాకు గోదావరిఖనిలో పట్టుకుంది. దాంతో బతకడం నేర్పింది ఎస్తేరవ్వ.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ళ ముందు మాట. మాది మంథని దగ్గర పల్లె. ఇంటర్ తప్పి, సువార్త సేవకు ట్రైనింగు ముగించుకుని, గని కార్మికుల క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే పనికి వచ్చాను. ట్రైనింగులో నా తోటివాళ్ళు ప్రార్థన మొదలుపెడితే పైన రేకులు అదిరేవి. నేనేమో నలుగురి ముందు కళ్ళు మూసుకుంటే చాలు, ‘తండ్రీ’ అన్న దగ్గరే ఆగిపోయేదాన్ని. మా పని చూసే అయ్యగారు మొదటిరోజే చెప్పేశారు. “మూడు నెలల్లో ఒక్కదానివే ప్రార్థన కూడిక నడిపించాలమ్మా. లేకపోతే ఈ సేవ నీది కాదనుకో.” ఇంటికి తిరిగి పోతే మా నాన్న ఒక్క మాట కూడా అనడు. ఆ అనకపోవడమే నా భయం. దేవుడు పిలిచాడని ఊరంతా చెప్పి బయల్దేరాను. ఆయన ఇంకెవరినో పిలవబోయి పొరపాటున నన్ను పిలిచాడని ఏ మొహంతో చెప్పను?

నన్ను ఎస్తేరవ్వకు అప్పజెప్పారు. అరవై దాటిన మనిషి. బొగ్గు గనిని అక్కడ బాయి అంటారు. బాయిలో పనిచేసే భర్త పోయినప్పటి నుంచి, ముప్పై ఏళ్ళుగా, ఆమెది ఇదే పని. చదువు రాదు. ఎవరిచేతనో చదివించుకుని బైబిలు వాక్యాలు నోటికి పట్టింది. ఒక కాలు ఈడుస్తూ నడిచేది. ప్రతి ఇంటి ముందూ ఆగి చెవి రిక్కించేది. లోపల గురక వినిపిస్తే చెప్పులు చేతిలోకి తీసుకుని పెరటివైపు పోయేది. గిన్నెలు తోముకుంటున్న ఇల్లాలి పక్కన చతికిలబడి, తనూ ఒక గిన్నె అందుకుని, పెదవులు మాత్రం కదిపి ప్రార్థన చేసేది. నాకది ప్రార్థనలాగే అనిపించలేదు. ముసలామెకు గొంతు పోయింది కాబోలు అనుకున్నాను. ఎందుకిలా అని అడగనూ లేదు. ఇది కూడా తెలియదా అంటారని భయం. తెలియనిదాన్ని అడగకపోవడం కంటే పెద్ద తెలివితక్కువతనం లేదని అప్పటికి నాకు తెలియదు మరి.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు అవ్వకు జ్వరం వచ్చింది. ఇదే అదననుకుని కంజిర తీసుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. పొద్దున పది గంటలప్పుడు కొమురయ్యన్న అనే గని కార్మికుడి క్వార్టరు ముందు నిలబడ్డాను. లోపల గురక. మా ఊళ్ళో ఎండెక్కాక పడుకునే మగవాడు రోగిష్టి అయినా కావాలి, తాగుబోతయినా కావాలి. నేను రావలసింది ఇలాంటి ఇంటికే గదా అనుకున్నాను. కంజిర కొడుతూ గొంతెత్తి పాడాను. విచిత్రమేమిటంటే, ఆరోజే మొదటిసారి నా గొంతు వణకలేదు.

తలుపు ధడాలున తెరుచుకుంది. బనీను మీద కొమురయ్యన్న. కళ్ళు చింతనిప్పులు. “ఎవరమ్మ నువ్వు? రాత్రంత బాయిల చేసొచ్చిన. ఇప్పుడే కన్నంటుకున్నది!” వెనకాలే వచ్చిన ఆయన భార్య లచ్చక్క ఇంకా గట్టిగా తగులుకుంది. “ఒకపారి లేసినంక ఈయనకు మళ్ళ నిద్ర పట్టదు. రాత్రికి మళ్ళ డ్యూటీ ఉన్నది. నిద్ర లేకుంట బాయిల నిలబడితే ఏమైతదో నీకెర్కనా? పానం పోతది!”

ఏడుస్తూ అవ్వ దగ్గరికి పరుగెత్తాను. “నేను ఇంటికి పోత అవ్వా. ఈ పని నాతోని కాదు.”

అవ్వ దుప్పటి ముసుగు తీసి అంతా విన్నది. తిట్టలేదు. “పోదువు తియ్యి. రేపు పొద్దుగాల కొమురయ్య బాయి ఎక్కి రానియ్యి. ఆయన రాకముందు నువ్వెట్ల పోతవు?”

మర్నాడు ఏడు కాకముందే బాయి గేటు దగ్గర నిలబడ్డాం. అవ్వ జ్వరంతోనే వచ్చింది. రాత్రి షిఫ్టువాళ్ళు బయటికి వస్తున్నారు. బొగ్గు కమ్మి అందరి మొహాలూ ఒక్కలాగే ఉన్నాయి. ప్రతి మొహంలోకీ తొంగిచూశాను. గుంపు పలచబడింది, ఆఖరికి దారి ఖాళీ అయింది. కొమురయ్యన్న రాలేదు. “రాలే అవ్వా” అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నాదానికంటే ఎక్కువగా వణుకుతోంది.

“నీకు గూడ భయమేనా అవ్వా?”

“కాదా మరి? ఈ గేటు కాడనే ఒకపారి నిలబడ్డ. మా ఆయన రాలే.” గేటువైపే చూస్తూ అన్నది. “గిప్పటికి ఏ గడప ముందట నిలబడ్డ నాకు దడనే బిడ్డా. ఏం పాడుచేస్తనో అని. గా దడ ఉండబట్టే చెవి పెట్టి వింట.”

ముప్పై ఏళ్ళ సేవ చేసిన మనిషికి భయమా! నాకు ధైర్యం రాలేదు గానీ, ఒంటరితనం పోయింది.

అప్పుడు కనిపించాడు కొమురయ్యన్న, గాలి పోయిన సైకిలును నడిపించుకుంటూ. రాత్రంతా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. “తప్పయింది అన్నా” అని మాత్రం అనగలిగాను. ఆయన నా మొహంలోకి చూశాడు. “నువ్వు గూడ పండుకోలేనట్టున్నది గదా చెల్లె. పో, జల్ది పోయి పండుకో.”

ఇంటికి పోయే మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

మూడో నెల చివర, అయ్యగారు చూడబోయే కూడికను లచ్చక్క తన ఇంట్లోనే పెట్టమంది. “తిట్టిన నోటితోనే పిలుస్తున్న, రావాలె” అన్నది. కొమురయ్యన్న ఆ వారం పగటి డ్యూటీలో ఉన్నాడు. అయ్యగారు కుర్చీలో కూచుని నోటుబుక్కు తెరిచారు. నేను లేచి నిలబడ్డానో లేదో పక్క క్వార్టరు గోడలోంచి గురక! గుసగుసగా మొదలుపెట్టాను.

“గొంతు పెంచమ్మా, వెనకవాళ్ళకు వినపడాలి” అన్నారు అయ్యగారు.

మూడు నెలలుగా ఈ మనిషికే గదా నేను భయపడింది. “పెంచనండి” అన్నాను, అదే గుసగుసతో. “పక్కింటన్న రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు.”

వెనకనున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే జరుగుతూ వచ్చి నా చుట్టూ దగ్గరగా కూచున్నారు. తలుపు దగ్గర అవ్వ, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. ప్రార్థన ముగిసేదాకా ఆ గురక ఆగలేదు. అయ్యగారు నోటుబుక్కులో ‘ఇంకో మూడు నెలలు చూద్దాం’ అని రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆయన కూడా చెప్పులు చేత్తో పట్టుకునే మెట్లు దిగారు.

ఆ మూడు నెలలు ఇంకా అయిపోలేదనే అనుకుంటాను. అవ్వ పోయి చాలాకాలమైంది. నేను ఇప్పటికీ ఇల్లిల్లూ తిరుగుతూనే ఉన్నాను, కొత్త గడప ముందు ఇప్పటికీ దడే. ఆ దడ తీసెయ్యమని ఒకప్పుడు రోజూ ప్రార్థించేదాన్ని. గేటు దగ్గర అవ్వ చెయ్యి పట్టుకున్న పొద్దు నుంచి అది అడగడం మానేశాను.

నిన్న సాయంత్రం పక్కింట్లో నల్లా తిప్పిన చప్పుడు వినిపించింది. ఆయన లేచాడన్నమాట. అప్పుడు బకెట్టులోని బట్టలు గట్టిగా దులిపి ఆరేశాను.