గడప దాటని పెట్టె

బెళుగుప్ప దగ్గరి ఆ పల్లెలో ఆమెను "ఎట్లా హనుమక్క" అంటారు. బోరు బండి వచ్చి భూమిని పొడుస్తుంటే ఊరంతా నీళ్లు పడాలని మొక్కుకుంటుంది. ఈమె మాత్రం ఆ కడ్డీ అంత లోతుకు విరక్కుండా ఎట్లా పోతుందని బండివాణ్ని పీక్కుతింటుంది. చదివింది రెండో తరగతి. "ఇంకో ఏడు పోయింటే అయ్యవారే బడి మానేసుండేవాడు" అని ఆమే చెప్పుకుంటుంది.

అడిగి అడిగి జవాబు రానిది ఒక్కటే, అత్తింటి పెట్టె సంగతి.

తనకల్లు దిక్కు నుంచి కాపురానికొచ్చిన రోజే దాన్ని చూసింది. మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత టేకు పెట్టె. ముందు పలక మీద చెక్కిన తామరపూలు, వాటిపైన వరసగా చిలకలు, మసిపట్టిన ఎరుపూ పచ్చా రంగులు. విత్తనాలు, కంబళ్లు, ఇత్తడి చెంబులు అన్నీ అందులోనే. దాని మీద అత్త చౌడమ్మ పడక. కొత్త కోడలు పెట్టెను చూసింది, గది వాకిలిని చూసింది. ఎటు తిప్పినా వాకిలికి పట్టేది కాదది.

"అత్తా, ఇది లోపలికి ఎట్లొచ్చె?"

"వచ్చిన పొద్దే ఆరాలా? పో, పేడ తియ్యిపో."

ప్రతి దసరాకూ పెట్టెకు ఆముదం పూస్తూ అడిగేది. ప్రతి దసరాకూ కొత్త తిట్టు తినేది. చౌడమ్మ పోయింది, తర్వాత మొగుడు లింగప్పా పోయాడు. కరువు పనుల్లో మన్ను మోసింది, మేకల్ని అమ్ముకుంది, పెట్టె జోలికి మాత్రం ఎవర్నీ రానియ్యలేదు. నూనె పూసేటప్పుడు ఒకటి గమనించింది. చిలకలన్నీ వాకిలి వైపు చూస్తాయి. చివరిది మాత్రం గోడవైపు చూస్తుంది. "పెట్టె చేసిన ఆచారి తాగి చెక్కినాడు" అని నవ్వుకునేది.

ఈ ఏడు వాన రాక రాక వచ్చి ఒక్కసారిగా కురిసింది. మట్టి మిద్దె నాని, పెట్టె మీదుగా పోయే దూలం చీలింది. కప్పు విప్పాలి. విప్పితే దూలమూ మన్నూ పెట్టె మీదే పడతాయి. గోడ పగలగొడదామంటే దూలం నిలిచింది ఆ గోడ మీదే. కొడుకు జయరాం పెట్టెలో సామానంతా బయట పెట్టి, రంపం మిషను ఉన్న ఓబిలేష్‌ను పిలుచుకొచ్చాడు.

"నడిమికి కోస్తే రెండు ముక్కలు సులువుగా వస్తాయవ్వా."

"నిన్ను నడిమికి కోస్తే నువ్వూ సులువుగానే వస్తావు గదప్పా!"

"మా, దూలం ఆగేట్ల లేదు. ఇంకేం దావ ఉండాది?" అన్నాడు జయరాం.

"ఒక్క గడియ ఆగు నాయనా. కోతకు తొందరేమి?"

హనుమక్క పెట్టె ముందు చతికిలబడింది. తాగినోడైతే ఇన్ని చిలకల్ని ఒక్క తీరుగా చెక్కి, ఒక్కదాని దగ్గరే తప్పుతాడా? గోటితో ఆ చిలక చుట్టూ గట్టిపడిన జిడ్డు గీకింది. వెంట్రుకంత సందు కనబడింది. కాచిన ఆముదం పోసి, రోకలితో మెల్లగా తట్టింది. కదల్లేదు. ఇంకోసారి పోసింది. పైన దూలం కిర్రుమంది.

"మా, బయటికి రా!"

"నోర్ముయ్ రా!"

చిలక కదిలింది. పట్టి లాగితే మూరెడు చెక్క చీల దాని వెనకే వచ్చింది. ముందు పలక వదులైంది. అది పైకి లేస్తే పక్క పలకలు ఊడాయి. ఎక్కడా ఇనుప మేకు లేదు. పలకలు ఒక్కొక్కటే మనుషుల భుజాల మీద ఆ ఇరుకు వాకిలి దాటుకుని పోయాయి. వచ్చింది కూడా అట్లాగే!

ఎండలో పలక అంచు చూసి హనుమక్క ఆగిపోయింది. ఒకదాంట్లో ఒకటి దూరిన చోట మసి చేరలేదు. మొలకెత్తిన కొర్రంత లేత పచ్చ. ఇన్నేళ్లూ తాను తుడిచింది ఈ రంగునా? చౌడమ్మకు తెలిసుంటే, ఒక్కసారైనా విప్పి కడిగేది కాదూ? అంటే ఆమెకూ తెలీదు. బతుకంతా దాని మీదే పడుకుని తెలీదు. తిట్లన్నీ అందుకే.

"నీకెట్లా తెలిసె అత్తా?" కోడలు సరళ అడిగింది. ఓబిలేష్ రంపం దించి చెవులు రిక్కించాడు. వాకిట్లో ఊరు ఊరంతా నిలబడి ఉంది.

హనుమక్క చిలక చీలను కొంగుకు ముడేసుకుంది.

"మా అత్త చెప్పింది. మీ మాదిరి అడక్కుండా ఊరికే ఉంటినా నేను?"