రాక్షసుడికి ఇంటిపేరు పెట్టిన పాపం

ఒక ఆదివారం మధ్యాహ్నం మలేషియాలోని సుంగై పెటానిలో, మా అమ్మమ్మగారింటి ముందుగదిలో, నేను ఒక సామ్రాజ్యాన్ని నాశనం చేశాను. దానికి శత్రువులెవరూ అక్కర్లేకపోయింది, నా అతితెలివి ఒక్కటే సరిపోయింది. నవ్వండి, ఫర్వాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నన్ను చూసి నవ్వనిది గోడమీది బల్లి ఒక్కటే.

ఆ సామ్రాజ్యం మా మావయ్యది. కుర్రతనంలో, రబ్బరు ఎస్టేటు కూలీల లైను ఇళ్లలో ఉన్నప్పుడు ఆయన స్నేహితులతో కలిసి ఒక ఆట ఆడేవాడు. బల్ల చుట్టూ కూర్చోవాలి. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో వీరులవుతారు. కత్తి దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆ ఆట కోసం మావయ్య కొండలూ కోటలూ గీసి అగ్నిద్వీపం అనే లోకాన్నే పుట్టించాడు. అక్కడి రాక్షసరాజు క్రూరదంతుడు. మావయ్య ఆడే వీరుడు వజ్రబాహు. ఇద్దరికీ ఆఖరి యుద్ధం జరగాల్సిన వారమే ఎస్టేటు అమ్ముడుపోయింది, స్నేహితులు తలో ఊరు చేరారు, యుద్ధం ఆగిపోయింది. మావయ్య పెళ్లి కూడా అప్పుడే ఆగిపోయిందని అమ్మమ్మ అంటుంది గానీ, దానికి కారణాలు వేరు.

ఒకరోజు మావయ్య ఆ ఆట కాగితాలు దాచిన పెట్టె తీసి దుమ్ము దులుపుతుంటే అడిగాను.

"ఏటి మావయ్యా, ఎక్కడికి పెట్టె?"

"పాత పేపర్ల లారీకి ఇచ్చేస్తాను లా. ఎవులాడతారే ఇప్పుడు? మీ కుర్రోలకి ఫోను సాలు."

ఇక్కడివాళ్లందరిలా మాట చివర 'లా' తగిలించి మామూలుగానే అన్నాడు, కానీ పెట్టె మూత మీద చెయ్యి అలాగే ఉంచేశాడు. అది చూసి పెట్టె నా వైపు లాక్కున్నాను. "వచ్చే ఆదివారం ఆఖరి యుద్ధం నేను జరిపిస్తాను. దినేశ్ చేత ఆడిస్తాను. వాడికి నచ్చకపోతే అప్పుడు లారీకి ఇచ్చెయ్యి" అన్నాను.

దినేశ్ మా పిన్ని కొడుకు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం తమిళం. ఫోను చేతిలో లేకపోతే వాడికి ఊపిరాడదు. అలాంటివాణ్ణి కూర్చోబెట్టాలంటే పాత లోకానికి కొత్త రంగు వెయ్యాలి కదా! ఇక్కడే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. మావయ్య కాగితాల్లో ఉన్నట్టు రాక్షసుణ్ణి 'అనాది అంధకార వంశజుడు' అంటే ఈ కాలం పిల్లలకు ఆవలింత వస్తుంది. అదే రాక్షసుడు మనవాడైతే? నేను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి రాగానే కూర్చుని, అగ్నిద్వీపంలో ఉన్న ప్రతి పిశాచానికీ ఒక ఇంటిపేరూ ఒక ఎస్టేటూ ఇచ్చాను. పేర్లు అయిపోయాక క్రూరదంతుడికి అమ్మమ్మ పుట్టింటి పేరే తగిలించాను.

"రాక్షసుడికి ఇంటిపేరెందుకే?" అన్నాడు మావయ్య.

"నీకు తెలీదు మావయ్యా, ఇప్పుడందరూ ఇలాగే చేస్తారు" అన్నాను. ఎవరూ అలా చెయ్యరు. ఎందుకు చెయ్యరో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

ఆదివారం వచ్చింది. వంటింట్లో కోడికూర ఉడుకుతోంది, ఆట కాగానే భోజనాలు. రావాల్సిన దినేశ్ స్నేహితుడు రాలేదు, వీరుడొకడు తక్కువయ్యాడు. అమ్మమ్మను పిలిచి కూర్చోబెట్టాను. మంత్రగత్తె పాత్ర ఇస్తే ఇంతెత్తున లేచింది. అందుకని రోకలి పట్టుకుని తిరిగే వైద్యురాలిని చేశాను. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, వజ్రబాహు కాగితం ఎదురుగా పెట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు.

ఆటలో ముగ్గురూ క్రూరదంతుడి గుహ ముందుకొచ్చారు. నేను గొంతు బొంగురు చేసి గర్జించాను. "ఎవడురా నా గుమ్మం తొక్కింది? నేను గేదెల క్రూరదంతుణ్ణి! ఎస్టేటు రెండో డివిజన్ లైనుల్లో పుట్టినవాణ్ణి!"

మావయ్య పాచిక అందుకున్నాడు. అమ్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆగరా. గేదెలోలా? ఏ గేదెలోలు? నీ తండ్రి పేరేటి నాయనా?"

రాక్షసుడి తండ్రి పేరు నేనెక్కడ సిద్ధం చేసుకున్నాను! నోటికొచ్చింది అనేశాను. "అప్పన్న."

మా వాళ్లలో అప్పన్న లేని ఇల్లుంటే చూపించండి, ఈ కథ ఇక్కడితో ఆపేస్తాను.

"మా పెద్దనాన్న అప్పన్నే!" అమ్మమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఒరే దినేశూ, విల్లు దించు. తాతయ్యరా! ఏటి తమ్ముడూ, ఇలగైపోనావు? తిన్నావా?"

"అమ్మా! ఆడు ఊళ్లు తగలెట్టినాడు!" అన్నాడు మావయ్య.

"మన సుట్టాల్లో కొంపలు తగలెట్టనోడు ఎవుడున్నాడురా? వొరసకి నీకు మేనమామ. దండం ఎట్టు."

దినేశ్ మొదటిసారి ఫోను బల్ల మీద పెట్టాడు. "అలామాక్! అమ్మబాబోయ్! సూపర్ లా, అక్కా! తాతయ్యకి పిల్లలున్నారా?"

ఇక్కడ లేరని చెప్పి ఉంటే బతికిపోయేదాన్ని. "ఒక కూతురు" అన్నాను.

అమ్మమ్మ నెమ్మదిగా మావయ్య వైపు తిరిగింది. ఎన్నో ఏళ్లుగా ఆ మనిషికి సంబంధాలు వెతికి వెతికి అలిసిపోయిన తల్లి చూపు అది.

"తమ్ముడి కూతురు. మేనరికం. వొరస కుదిరిపోనాది."

"అమ్మా, ఇది ఆట లా! నాను యుద్ధానికి వచ్చినాను!"

"నువ్వెప్పుడూ ఏదో ఒకటి సెప్పి తప్పించుకుంటావు."

"మామాకు కల్యాణం!" అని దినేశ్ అరిచి, సంబంధం ఖాయమా కాదా అని పాచిక వేసేశాడు. ఇరవై పడింది. దాన్ని మించిన అంకె లేదు. ఖాయం.

అప్పుడే వీధి చివర పాత పేపర్ల లారీ మైకు వినిపించింది, "పేపర్ లామా..." అని. మావయ్య వజ్రబాహు కాగితం మడిచి పెట్టెలో వేసి, పెట్టె ఎత్తుకుని గుమ్మం వైపు నడిచాడు. నాకు ఏడుపొచ్చింది. ఏళ్ల తరబడి దాచుకున్న యుద్ధాన్ని నేను పెళ్లిభోజనం చేసేశాను.

ఎలాగైనా కత్తులు దూయించాలి. దిక్కుతోచక క్రూరదంతుడి గొంతుతో గట్టిగా అరిచాను. "ఛీ! ఈ బట్టతల ముసలాడికా నా కూతురు? ఇన్నాళ్లూ ఎవరూ ఇవ్వనిది నేనిస్తానా?"

ఒట్టు, నేనన్నది వజ్రబాహును. కానీ వజ్రబాహుకు తల నిండా జుట్టుందని కాగితం మీదే రాసి ఉంది. బట్టతల ఉన్నది గుమ్మం దగ్గర.

అమ్మమ్మ లేచి నిలబడింది. "ఎవున్నిరా ముసలోడన్నావు? నా కొడుకునా? పుట్టింటోలని ఊరుకుంటే నెత్తికెక్కుతావా? పాచిక ఇలాగివ్వవే!"

రోకలి తిరిగింది. పధ్నాలుగు. "ఇది ముసలోడన్నందుకు!" పదిహేడు. "ఇది బట్టతలన్నందుకు!" దినేశ్ కుర్చీ ఎక్కి బాణాలు కురిపించాడు. మావయ్య గుమ్మంలో పెట్టె దించాడు, పరుగున వచ్చాడు, వజ్రబాహు కత్తి దూశాడు. ఏళ్లనాడు ఆగిన యుద్ధం ఆ గదిలో ఎంత ఘనంగా జరిగిందంటే పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. ఆఖరి దెబ్బ మావయ్యదే. క్రూరదంతుడు కూలాడు. మావయ్య తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, గేటు ముందు ఆగిన లారీకి అరిచాడు.

"తడ లా! ఏటీ లేదు! రేపు కూడా లేదు!"

నేను చప్పట్లు కొట్టాను. "గెలిచాం! అమ్మమ్మా, ఇక కోడికూర వడ్డించు!"

అమ్మమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"కూరేటే? సచ్చినోడు నా తమ్ముడు కాదేటి? మైల. లెగండి, అందరూ తలకి పోసుకోండి."

బతిమాలాం, బుజ్జగించాం, ఆట అన్నాం. వినలేదు. కోడికూర గిన్నెతో సహా గోడ దాటి పక్కింటికి వెళ్లిపోయింది. ఆ వాసన ఇటు వస్తుండగా వెనకవైపు కుళాయి దగ్గర వరసలో నిలబడి చెంబులతో నీళ్లు పోసుకున్నాం. మావయ్య నవ్వలేక నవ్వుతూ రెండు చెంబులు ఎక్కువే పోసుకున్నాడు.

ఆ తడి తలతో, ఖాళీ కడుపుతో, ఉత్త పెరుగన్నం సాక్షిగా నేను ప్రమాణం చేశాను. నా కంఠంలో ప్రాణముండగా ఏ రాక్షసుడికీ, భూతానికీ, కొరివిదయ్యానికీ ఇంటిపేరు పెట్టను, తండ్రి పేరు చెప్పను, సంతానం కలగనివ్వను.

అమ్మమ్మ నా పళ్లెంలో ఊరగాయ వేస్తూ మెల్లిగా అంది. "అది సరేగానీ, తండ్రి పోయిన ఆ పిల్లకి దిక్కెవులే? వచ్చే ఆదివారం మనింటికి తీసుకొచ్చెయ్యి."