పందెం కాదని, మొక్కు అవునని

పుదుచ్చేరి బస్టాండులో ఆ శుక్రవారం మధ్యాహ్నం ఫోను జేబులో పెట్టలేకపోయాను. కొత్తగా లిస్టయిన ఒక కంపెనీ షేరు ధర, మార్కెట్ మూసేసరికి రెండు వందలు దాటుతుందా అన్నది డబ్బు కట్టి ఆడే ఒక యాప్‌లో ఆ వారం పందెం. నేను ‘అవును’ నొక్కాను.

అంతకుముందు నేను ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడటం విన్నాడేమో, పక్కనున్న పెద్దాయన తొంగి చూశాడు.

“రేటు యాడుంది తమ్ముడూ ఇప్పుడు?”

ఆయన నుదుట గుళ్లో పెట్టిన కుంకుమ ఇంకా ఆరలేదు. ఆయన ఫోనులోనూ అదే పందెం. నొక్కింది మాత్రం ‘కాదు’.

“నేను ఆ కంపెనీలోనే పనిచేసేది. మాకిచ్చిన షేర్లు ఇప్పుడే అమ్మకూడదంట. ధర పడిపోతే ఈ పందెం దుడ్డన్నా చేతికొస్తుందని కట్టినా.”

“మరి గుళ్లో ఏమని మొక్కారన్నా?”

“ఏంది ఆ మాట? పెరగాలనే!”

అంకె ఎక్కుతూ దిగుతూ ఉంటే ఆయన లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. చివరికి ధర రెండు వందలు దాటింది.

“పోయింది నా దుడ్డు!” అని నా భుజం చరిచి, పగలబడి నవ్వాడు.

గెలిచింది నేను. ఆయన బస్సెక్కేలోపే వచ్చే వారం పందెం తెరిచాను. తర్వాత కూడా చాలాసార్లు గెలిచాను. అలా మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.