అమ్మగారి వేళ్ళు ఆగిన చోట

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం మీ ముందు నన్ను నిలబెట్టిన ప్రభువుకు వందనాలు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మగత నిద్రలో నడిచినట్టే ఉంటుంది. నౌపడ ఉప్పు మళ్ళ తెల్లటి ఎండలో పని చేసి ఇంటికొచ్చేసరికి మూడు నెలల నా కృప ఊయలలో ఉలుకూ పలుకూ లేకుండా పైకప్పు వైపే చూస్తూ ఉండేది, ఎత్తుకుంటే మాత్రం ఒళ్ళు బిగబట్టి కెవ్వుమనేది. పగలంతా దాన్ని చూసుకునేది పని దొరకక ఇంట్లో ఉన్న నా భర్త.

ఒకసారి చెవి వెనక కమిలింది, ఊయల తాడు ఒరుసుకుందన్నాడు. తర్వాత డొక్కల మీద నీలి మచ్చలు కనిపిస్తే దోమలన్నాడు. మా అత్త దిష్టి అని మిరపకాయలు తిప్పింది. నేను విశ్వాసిని కదా, దిష్టి నమ్మను, అందుకని అది దయ్యం పని అనుకున్నాను! ఉపవాసముండి, “ప్రభువా, నా బిడ్డ మీదికి వచ్చే చీకటిని గుమ్మం దగ్గరే ఆపు” అని ఏడ్చాను. చీకటి బయటినుంచే వస్తుందనుకున్నాను.

పాస్టరయ్యగారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఆవిడ వచ్చి, కృపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, రెండు చేతులతో ఛాతీ చుట్టూ నూనె రాస్తూ ప్రార్థన మొదలుపెట్టారు. నేను కళ్ళు మూసుకుని ఆ మాటల్లో తేలిపోతున్నాను. ఉన్నట్టుండి మాటలు ఆగిపోయాయి. కళ్ళు తెరిస్తే, అమ్మగారి వేళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో మచ్చ మీద సరిగ్గా ఆని ఉన్నాయి. ఆవిడ ఆమేన్ అనలేదు.

“ఇది దయ్యం కాదే తల్లీ, మనిషి సెయ్యి. బోర్లా కూడా పడని పిల్లకి దెబ్బలెలాగ తగుల్తాయి? లెగు, ఆసుపత్రికెల్దాం.”

రైలెక్కి ఆమదాలవలసలో దిగి శ్రీకాకుళం వెళ్ళాం. ఎక్స్‌రేలో పక్కటెముకల్లో అతుక్కున్న పాత విరుగుళ్ళు, పక్కనే కొత్తవి కనిపించాయి. డాక్టరమ్మ పోలీసులకు కబురు పెట్టారు. ఏడుపు ఆపడానికి గట్టిగా నొక్కేవాడినని నా భర్త ఒప్పుకున్నాడు. ఆయన మారాలని ఇప్పటికీ ప్రార్థిస్తాను గానీ బిడ్డను మాత్రం ఆ ఇంటికి తీసుకెళ్ళను.

ఇదిగో, ముందు వరసలో అందరికంటే గట్టిగా పాడిందే, అదే నా కృప. దేవునికే మహిమ!

అమ్మలారా, ఇంకా పాకని బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ కనిపిస్తే, చిన్నదే కదా అనుకోకండి, ఎవరేమంటారోనని దాచకండి. దేవుణ్ణి నమ్మండి, ఆయన మన కళ్ళు తెరిపిస్తాడు. ఆరాధన అయ్యాక నేను గుమ్మం దగ్గరే ఉంటాను, నా దగ్గరికి రండి. ముందు ఆసుపత్రికి బయలుదేరదాం, ప్రార్థన దారిలో చేసుకుందాం.